మాంటెకార్లో: సరుకుల ధర ఫ్రాన్స్‌దే, గజం ధరే వేరు

మధ్యధరా తీరంలోని మాంటెకార్లో పేరు వినగానే కాసినో, ఫార్ములా వన్ కార్ల పందెం, రేవులో బారులు తీరిన విలాస నౌకలు గుర్తుకొస్తాయి. చాలామంది దాన్ని మొనాకో రాజధాని అనుకుంటారు. నిజానికి అది ఒక పేట మాత్రమే. రాజప్రాసాదం, పాలనా కార్యాలయాలు దానికి ఎదురుగా రేవు అవతల కొండమీదున్న పాత పట్టణంలో ఉన్నాయి. మొనాకో దేశం మొత్తం కలిపినా 2 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంటే సుమారు 510 ఎకరాలు. అందులో 38 వేల మందికి పైగా నివసిస్తున్నారు. వారిలో మొనాకో పౌరులు నాలుగో వంతు మాత్రమే.

ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన నివాస ప్రాంతాల జాబితా ఎవరు తయారుచేసినా మొనాకో ముందు వరసలో ఉంటుంది. అయితే అక్కడ అన్నీ ఖరీదే అనుకుంటే పొరపాటు. ఖరీదైనది తిండీ కాదు, రవాణా కాదు. అక్కడ ఒక చిరునామా సంపాదించుకోవడం.

ఇంటి లెక్క

మొనాకోలో పాత ఫ్లాట్ల సగటు ధర ఇటీవలి ఏళ్లలో చదరపు మీటరుకు 50 వేల యూరోలు దాటింది. యూరోను 100 రూపాయలుగా లెక్కేస్తే చదరపు అడుగు సుమారు 4.6 లక్షల రూపాయలు. గజాల్లో చెప్పుకుంటే గజం దాదాపు 42 లక్షలు. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్‌కు 46 కోట్ల రూపాయలవుతుంది. ఇది సగటు మాత్రమే. సముద్రం కనిపించే కొత్త భవనాల్లో ధర దీనికి చాలా పైన ఉంటుంది.

అద్దెకు ఉండేవారి పరిస్థితీ అంతే. ఒక పడకగది ఫ్లాట్‌కు నెలకు 5 వేల యూరోల అద్దె అసాధారణమేమీ కాదు. సాధారణంగా మూడు నెలల అద్దె ముందే కట్టాలి. మరో మూడు నెలల అద్దె డిపాజిట్‌గా ఉంచాలి. ఏజెన్సీకి ఏడాది అద్దెలో 10 శాతం, దానిపై 20 శాతం వ్యాట్ చెల్లించాలి. ఈ లెక్కన 5 వేల యూరోల ఇంట్లో అడుగుపెట్టేసరికి 37 వేల యూరోలు, అంటే 37 లక్షల రూపాయలు చేతినుంచి పోతాయి.

మిగతా ఖర్చుల తీరు వేరు. మొనాకో, ఫ్రాన్స్ ఒకే కస్టమ్స్ వ్యవస్థలో ఉన్నాయి. వ్యాట్ రేట్లూ ఫ్రాన్స్‌లో ఉన్నవే. కాబట్టి సూపర్‌మార్కెట్‌లో పాలు, రొట్టె, కూరగాయల ధరలకు పొరుగున ఉన్న నీస్ నగరంతో పెద్ద తేడా ఉండదు. కొండ వాలుమీద కట్టిన ఊరు కాబట్టి వీధి నుంచి వీధికి చేరేందుకు ప్రభుత్వమే లిఫ్టులు పెట్టింది. అవి అందరికీ ఉచితం. ఫ్రెంచ్ పాఠ్యప్రణాళికతో నడిచే ప్రభుత్వ పాఠశాలల్లో చదువూ ఉచితమే. ప్రైవేటు అంతర్జాతీయ పాఠశాలకు పంపితే మాత్రం ఏడాదికి పదుల వేల యూరోలు కట్టాలి. కాసినో ముందున్న కేఫ్‌లో తాగే కాఫీకి, లా కొండమీన్ పేటలోని పాత సంతలో తాగే కాఫీకి ధరలో చాలా తేడా ఉంటుంది. రెండింటి మధ్య దూరం నడిచి వెళ్లేంతే.

ధర వెనుక చరిత్ర

ఒకప్పుడు మొనాకో పేద రాజ్యం. మెంటన్, రోక్‌బ్రూన్ పట్టణాలు 1848లో తిరుగుబాటు చేసి దాని చేతినుంచి జారిపోయాయి. 1861 ఒప్పందంలో 40 లక్షల ఫ్రాంకులు తీసుకుని వాటిపై హక్కును ఫ్రాన్స్‌కు వదులుకుంది. దాంతో భూభాగంలో దాదాపు 95 శాతం పోయింది. నిమ్మ, ఆలివ్ తోటల మీద వచ్చే పన్నులూ పోయాయి. మిగిలిన కొండరాళ్ల మీద ఆదాయం పుట్టించడానికి మూడో చార్లెస్ రాజు కాసినోను నమ్ముకున్నాడు. 1863లో ఫ్రాంకోయిస్ బ్లాంక్ అనే వ్యాపారి కంపెనీకి దాని నిర్వహణ అప్పగించాడు. కాసినో చుట్టూ పెరిగిన పేటకు 1866లో రాజు పేరుమీదే ‘చార్లెస్ కొండ’ అనే అర్థంలో మాంటెకార్లో అని పేరుపెట్టారు. 1868లో రైలు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 1869లో, ప్రజల మీద ప్రత్యక్ష పన్నులు రద్దయ్యాయి.

ఆ నిర్ణయమే ఇవాళ్టి ధరలకు మూలం. కాసినో రాబడి ఇప్పుడు బడ్జెట్‌లో చిన్న భాగం. ప్రభుత్వ ఖజానాకు ప్రధాన ఆధారం వ్యాట్. వ్యక్తులపై ఆదాయపు పన్ను లేదు, సంపద పన్ను లేదు, ఏటా కట్టే ఆస్తి పన్నూ లేదు. ఇతర దేశాల్లో ఏడాదికి కోట్ల యూరోలు పన్ను కట్టాల్సిన వ్యక్తికి మొనాకోలో 50 లక్షల యూరోల ఫ్లాట్ ఖర్చులా కాక పొదుపులా కనిపిస్తుంది. ఆదా అయ్యే పన్నులో కొంత భాగం ఇంటి ధరగా మారుతోందన్నమాట. స్థలం పెరగదు, కొనేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. అందుకే ధర దిగిరాదు.

ఈ వెసులుబాటు ఫ్రెంచి పౌరులకు లేదు. తమ ధనవంతులు పన్ను తప్పించుకోవడానికి మొనాకో చేరుతున్నారని 1962లో డీగాల్ ప్రభుత్వం సరిహద్దులో కస్టమ్స్ తనిఖీలు పెట్టింది. 1963 ఒప్పందం తర్వాత, అంతకు ముందే అయిదేళ్లుగా అక్కడ స్థిరపడినవారిని మినహాయిస్తే, ఫ్రెంచివారు అక్కడ నివసించినా ఫ్రాన్స్‌కే పన్ను కడుతున్నారు.

భారతీయులకు ఏం వర్తిస్తుంది?

మొనాకోలో స్థిరపడాలంటే సొంత ఇల్లు గానీ, కుటుంబానికి సరిపడే అద్దె ఇల్లు గానీ చూపించాలి. నేరచరిత్ర ఉండకూడదు. జీవనాధారం ఉందని బ్యాంకు ధ్రువీకరించాలి. ఇందుకు బ్యాంకులు సాధారణంగా కనీసం 5 లక్షల యూరోల డిపాజిట్ అడుగుతాయి. భారతీయుల వంటి ఐరోపాయేతరులు ముందుగా ఫ్రాన్స్ దీర్ఘకాలిక వీసా తెచ్చుకోవాలి.

భారత్‌లో నివసించే వ్యక్తి రిజర్వ్ బ్యాంకు సరళీకృత పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపగలిగేది 2.5 లక్షల డాలర్లు. సగటు ధర ప్రకారం ఆ డబ్బుకు మొనాకోలో అయిదు చదరపు మీటర్లు కూడా రావు. నలుగురు కుటుంబసభ్యుల పరిమితి కలిపినా ఒక గది వస్తుంది.

పన్ను లేని దేశంలో ఉంటే భారత పన్ను బెడద తీరుతుందనుకోవడానికీ వీల్లేదు. 2020లో తెచ్చిన సవరణ ప్రకారం, విదేశీ వనరుల నుంచి వచ్చేది కాక ఏడాదికి 15 లక్షల రూపాయలకు పైగా ఆదాయం ఉన్న భారత పౌరుడు మరే దేశంలోనూ నివాసం ఆధారంగా పన్ను పరిధిలో లేకపోతే, అతన్ని భారత నివాసిగానే పరిగణిస్తారు. విదేశీ ఆదాయమంతా దీని కిందకు రాదు గానీ, భారత్ నుంచి నడిపించే వ్యాపారం ద్వారా వచ్చేది మాత్రం వస్తుంది. పన్ను సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి రెండు దేశాలూ 2012లో ఒప్పందం చేసుకున్నాయి.

భారం మోసేదెవరు?

మొనాకోలో ప్రైవేటు రంగ ఉద్యోగులే 50 వేలకు పైగా ఉన్నారు. అంటే జనాభా కన్నా ఉద్యోగాలే ఎక్కువ. హోటల్లో పక్కలు సర్దేవారు, వంటవాళ్లు, భవన కార్మికులు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు పొద్దున్నే రైళ్లలో, బస్సుల్లో ఫ్రాన్స్ నుంచి వస్తారు. కొన్ని వేల మంది ఇటలీ నుంచీ వస్తారు. సాయంత్రం తిరిగి వెళ్తారు. కనీస వేతనం ఫ్రాన్స్ గంట రేటునే అనుసరిస్తుంది, దానిపై 5 శాతం అదనం. ఫ్రాన్స్‌లో వారానికి 35 గంటలైతే ఇక్కడ 39 గంటలు. అలా పనిచేస్తే కోతలకు ముందు నెలకు 2 వేల యూరోలకు కాస్త పైన వస్తుంది. ఒక పడకగది అద్దెలో అది సగం కూడా కాదు.

మాంటెకార్లోకు పై వీధిలోనే ఫ్రాన్స్‌కు చెందిన బోసోలేయ్ పట్టణం మొదలవుతుంది. రోడ్డు దాటితే దేశం మారుతుంది, అద్దె గణనీయంగా తగ్గుతుంది. అయితే మొనాకోలో ఇల్లు దొరకనివారంతా అక్కడికే చేరుతుండటంతో ఆ పట్టణంలోనూ ధరలు పెరిగాయి. దాంతో తక్కువ జీతగాళ్లు ఇంకా దూరం జరగాల్సి వస్తోంది.

సొంత పౌరులు కూడా మార్కెట్ ధరకు అక్కడ ఉండలేరు. అందుకే ప్రభుత్వం తానే ఫ్లాట్లు కట్టి పౌరులకు తక్కువ అద్దెకు ఇస్తోంది. మధ్యలో చిక్కుకున్నది మరో వర్గం. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినా పౌరసత్వం లేని కుటుంబాలవి. 1947కు ముందు కట్టిన ఇళ్ల అద్దెలను నియంత్రిస్తూ 2000 డిసెంబరులో తెచ్చిన చట్టమే వారికి ప్రధాన ఆసరా. పాత భవనాలను కూల్చి టవర్లు కడుతున్నకొద్దీ ఆ ఇళ్లు తరిగిపోతున్నాయి. దీన్ని అరికట్టేందుకు 2021లో మరో చట్టం తేవాల్సి వచ్చింది.

స్థలం కోసం మొనాకో సముద్రం వైపు చూస్తోంది. మూడో రేనియర్ కాలంలో 22 హెక్టార్లు పూడ్చి ఫోంవియేయ్ పేటను నిర్మించారు. అక్కడ కర్మాగారాలు, ప్రభుత్వ ఇళ్లు, స్టేడియం వచ్చాయి. సుమారు 200 కోట్ల యూరోలతో 6 హెక్టార్లు పూడ్చిన మారెటెర్రాను 2024 డిసెంబరులో ప్రారంభించారు. అక్కడ తీరం వెంట నడకదారి, పార్కు అందరివీ. ఇళ్లు మాత్రం అత్యంత సంపన్నులవి. వాటిని శుభ్రం చేసేవారు, కాపలా కాసేవారు సాయంత్రం రైలెక్కి సరిహద్దు దాటాల్సిందే.