భౌగోళిక నామంపై హక్కు: షాంపేన్ ద్రాక్ష, అరకు కాఫీ

వ్యాససంగ్రహం: ఒక ప్రాంతం పేరు సరుకుకు విలువ తెచ్చినప్పుడు, ఆ పేరు వాడుకొనే హక్కు ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. ఫ్రాన్సులోని షాంపేన్ ద్రాక్షసీమ అనుభవం వెలుగులో విశాఖ మన్యపు అరకు కాఫీని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: షాంపేన్, అరకు కాఫీ, భౌగోళిక గుర్తింపు, భూబదలాయింపు నిబంధనలు, ఆదివాసీ రైతులు.

1. షాంపేన్: ఎల్లల కోసం పోరు

షాంపేన్ పారిస్‌కు తూర్పున ఉన్న చల్లని సీమ. అక్కడి సుద్దనేల వాననీటిని లోపల నిలుపుకొని తీగకు మెల్లగా అందిస్తుంది. పినో నువార్, మ్యూనియే, షార్డొనే అక్కడి ప్రధాన ద్రాక్ష రకాలు. పండించేవారిలో అత్యధికులు చిన్న రైతులు. వైన్ తయారుచేసి అమ్మేవారు పెద్ద వర్తకులు. ఫిలాక్సెరా పురుగు, వరుస పంటనష్టాలు రైతులను కుంగదీసిన కాలంలో కొందరు వర్తకులు బయటి ప్రాంతాల ద్రాక్షను తెప్పించి షాంపేన్ పేరుతోనే అమ్మసాగారు.

1908లో ప్రభుత్వం షాంపేన్ ఎల్లలు నిర్ణయించింది. దక్షిణాన ఉన్న ఓబ్ ప్రాంతం వాటికి వెలుపల పడింది. 1911 జనవరిలో మార్న్ లోయ రైతులు వర్తకుల నిల్వలపై దాడిచేసి వైన్‌ను నేలపాలు చేశారు. ఓబ్ రైతుల ఆందోళన ఫలితంగా ఎల్లల రద్దు ప్రస్తావన రాగానే, ఏప్రిల్‌లో ఆయీ పట్టణంలో వర్తకుల భవనాలు తగలబడ్డాయి. ఓబ్‌కు పూర్తి స్థానం 1927 చట్టంతో గాని దక్కలేదు. 1935లో దేశమంతటికీ వర్తించే నామనియంత్రణ విధానం ఏర్పడింది. నేల గుణం ప్రకృతి దత్తమే అయినా, పేరుకు హద్దు ఎక్కడన్నది మనుషులు పోరాడి తేల్చుకొన్న విషయమని ఈ చరిత్ర తెలుపుతుంది.

2. అరకు: భూమి ముందు, పేరు తరువాత

మన్యంలో ఈ క్రమం తిరగబడింది. కాఫీ ఇక్కడి కొండలకు పరాయి పంట. 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయలో నాటిన మొక్కలు క్రమంగా విశాఖ మన్యానికి చేరాయి. 1960ల నుంచి అటవీశాఖ, తరువాత అటవీ అభివృద్ధి సంస్థ, పాడేరు ఐటీడీఏ దీనిని విస్తరింపజేశాయి. సిల్వర్ ఓక్ నీడలో, మిరియపు తీగల నడుమ అరబికా కాఫీ పెరుగుతుంది.

పంట విస్తరిస్తున్న కాలంలోనే భూమి హక్కు బలపడింది. 1959 భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, ప్రజల వాడుకలో 'వన్ ఆఫ్ సెవెంటీ', షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిషేధించింది. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై నడిచిన సమత కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఈ కొండల కడుపున బాక్సైట్ ఉంది కనుక, కాఫీ తోట నిలవడానికి ఆ తీర్పు ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

పేరు ఆ తరువాతే వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలిసింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు లభించింది.

3. మిగిలిన ప్రశ్న

ఆ గుర్తింపు సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున ఉన్న విశాఖ కొండలతోపాటు ఒడిశా ప్రాంతాన్నీ కలుపుకొన్నది. ఒక లోయ పేరును చింతపల్లి, పాడేరు రైతులు కూడా ధరిస్తున్నారు. షాంపేన్‌లో ఎల్ల వెలివేసింది. ఇక్కడ ఎల్ల కలుపుకొంది. అయితే 1999 భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం పేరు నమోదైనంత మాత్రాన ప్రతి రైతుకూ దానిపై అధికారం రాదు. అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. సొంత పట్టా ఉన్న రైతుకు, అటవీ అభివృద్ధి సంస్థ తోటలో కూలికి పండ్లు కోసే ఆదివాసీకి ఈ పేరు ఒకే ఫలితం ఇవ్వదు.

ముగింపు

షాంపేన్ రైతుకు భూమి ఉన్నా పేరు చేజారబోయింది. మన్యం రైతుకు భూమిని చట్టం కాపాడింది, పేరు ఇటీవల చేతికందింది. ఆ రెండూ ఒకే చేతిలో నిలిచినప్పుడే అరకు అన్న మాట కొండమీది ఇంటికి ఆదాయమవుతుంది. భూరక్షణ నిబంధనలు సడలితే పేరు సీసాపై మిగులుతుంది, పండించినవాడు కూలీగా మిగులుతాడు.