దాదీమా సఫర్, విశాఖ ఖలీజ్ తారీఖ్



పోయిన బక్రీద్ నాడు మా ఇంట్లో అందరూ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని ఉండగా మా దాదీమా ఉన్నట్టుండి అడిగింది: "బేటా, నన్ను ఒకసారి సమందర్ మీదికి తీసుకపోతావా?" చూడ్డానికి కాదు, మీదికి. ఎనభై దాటిన మనిషి. కంబదూరు దాటితే కళ్యాణదుర్గం, అదీ దాటితే అనంతపురం ఆస్పత్రి, ఆమె ఎరిగిన దునియా అంతే. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. "మా అబ్బాజాన్ జహాజ్ ఎక్కి హజ్‌కు పోయినాడు. నేను కనీసం కష్తీ అన్నా ఎక్కొద్దా?" అంది.

ఇక నవ్వు ఆగిపోయింది.

కంబదూరులో పుట్టినవాడికి నీళ్ళ హిసాబ్ చిన్నప్పటి నుంచే వస్తుంది. ఇంటికి ఎన్ని బిందెలు, ఎవరి బోరు ఎన్ని అడుగులు, ట్యాంకరు ఏ దినం వస్తాది అని. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని బళ్ళో చదువుకున్నాం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. అది కూడా వేరుశనగ పూతకొచ్చినప్పుడు పడదు, కోతకొచ్చినప్పుడు పడుతుంది. ఎక్కువ నీళ్ళు చూడాలంటే వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప డ్యాము. అదీ నిండిన సంవత్సరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాకు కష్తీ అంటే పిల్లలకు చెప్పే నూహ్ అలైహిస్సలాం కష్తీ ఒక్కటే. అందుకే దాదీమా ఖ్వాహిష్ చిన్నది కాదు.

ఆమె అబ్బాజాన్ కాలంలో హజ్ సఫర్ అంటే ముందు గుంతకల్లు, అక్కడి నుంచి బొంబాయి. బొంబాయిలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా. తర్వాత మొఘల్ లైన్ వాళ్ళ జహాజ్‌లో వారం పైన నీళ్ళ మీద, అప్పుడు జిద్దా. పోయేవాళ్ళు బాకీలన్నీ తీర్చి, అందరి దగ్గరా మాఫీ అడిగి, కఫన్ గుడ్డ వెంట పెట్టుకొని బయల్దేరేవాళ్ళు. 1995 తర్వాత మన దేశం నుంచి హాజీల జహాజ్ సఫర్ ఆగిపోయింది. ఇప్పటి పిల్లలకు హజ్ అంటే విమానమే. అంతకు ముందు, చాలా ముందు, మన తెలుగు ఒడ్డు నుంచే పోయేవాళ్ళు. కుతుబ్‌షాహీల జమానాలో మచిలీపట్నం రేవు నుంచి జహాజ్‌లు ఎర్రసముద్రం దాకా సరుకుతోనూ హాజీలతోనూ వెళ్ళేవి. బందరు ఇప్పుడు అంత దూరం పోయే రేవు కాదు. అందుకని మేము విశాఖపట్నం ఎంచుకున్నాం. అనంతపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఒక దినం ప్రయాణం. దాదీమా మోకాళ్ళకు అంతకంటే సులువైన దారి లేదు.

ఒక పూట కోసం మా ఇంటివాళ్ళకే ఒక కష్తీ మాట్లాడుకోవాలి. తెలియనివాళ్ళతో కలిసి పోతే ఆడవాళ్ళు బిగుసుకొని కూర్చుంటారు, దాదీమా నోరు విప్పదు. ఈ ఇంతిజామ్ చేస్తూ నేను ఆ ఖలీజ్ తారీఖ్ చదవడం మొదలుపెట్టాను. అక్కడ చిక్కుకున్నాను.

విశాఖ ఒడ్డున నిలబడితే దక్షిణాన నీళ్ళలోకి ముక్కు చాపినట్టు ఒక కొండ కనపడుతుంది. దాన్నే డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఉత్తరాన కైలాసగిరి. మధ్యలో వంపు తిరిగిన ఒడ్డు. డాల్ఫిన్స్ నోస్‌కు ఎదురుగా, హార్బర్ మూతి దగ్గర, మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మర్యమ్మ చర్చి, ఒకదాని మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. చర్చి ఉన్న కొండను రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నందుకు ఆ పేరు. మూడు మజ్‌హబ్‌ల కొండలు అని ఇప్పటి టూరిస్టు కరపత్రాలన్నీ రాస్తాయి. రాసి ఊరుకుంటాయి. అసలు కిస్సా ఆ కొండలకూ నీళ్ళకూ మధ్య ఉంది.

1869లో కార్మైకేల్ అనే దొర విశాఖపట్నం జిల్లా మీద ఒక మాన్యువల్ అచ్చు వేయించాడు. అందులో ఈ దర్గా సంగతి ఉంది. బంగాళాఖాతం గాలివానల మీద ఈ వలీకి ఇఖ్తియార్ ఉందని జనం నమ్మేవాళ్ళట. సఫర్ ఖైరియత్‌గా ముగిస్తే హిందూ ఓడల యజమానులు వెండితో చేసిన చిన్న దోనెను దర్గాలో సమర్పించేవాళ్ళు. దానితో పాటు ఒక కోర్టు ముఖద్దమా కూడా ఆయన గుర్తు చేసుకున్నాడు. జహాజ్ నడిపిన కెప్టెనుకూ, దాని యజమాని అయిన హిందూ షావుకారుకూ లెక్కల తగాదా వచ్చింది. కెప్టెను చూపిన ఖర్చుల్లో ఒక రూపాయల సంచి ఉంది. శాంతపల్లి రాళ్ళ దగ్గర తూఫాన్‌లో చిక్కినప్పుడు దర్గాకు మన్నత్ చేసుకొని, ఒడ్డు చేరాక చెల్లించిన డబ్బు అది. ఆ మన్నత్ అసలు చెల్లించనే లేదన్నదొక్కటే షావుకారు తకరారు. తూఫాన్‌లో ఆ వలీకి మన్నత్ చేసుకోవడం తప్పని మాత్రం అనలేదు.

ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసిపెట్టాను. మనకు గూగూడు కుళ్ళాయప్ప పీరు ముందర అగ్గి తొక్కే హిందూ రైతులు తెలుసు. పెనుకొండ బాబయ్య ఉర్సుకు వచ్చే వాళ్ళూ తెలుసు. కానీ అణా అణాకూ కోర్టులో కొట్లాడే వ్యాపారి, తన డబ్బుతో ఇంకొకడు మన్నత్ చేసుకోవడాన్ని ప్రశ్నించకపోవడం వేరే సంగతి. భక్తి అని నేను అనను. ఆ సరుకు ఎందుకు మునగలేదో ఇద్దరికీ ఒకే జవాబు తెలుసు, అంతే. 1907లో వచ్చిన జిల్లా గెజిటీర్ ఇంకొకటి చెబుతుంది: రేవుకు వచ్చే పోయే ఓడలు జెండాను మూడుసార్లు ఎత్తి దించి ఈ దర్గాకు సలాం చేసేవట.

ఊరి పేరే ఇస్‌హాఖ్‌పట్నం అని మనవాళ్ళు కొందరు అంటారు. నేను దాన్ని వాదించను. 11వ శతాబ్దం శాసనాల్లోనే విశాఖపట్టణం అనే పేరు ఉంది. దర్గా గొప్పతనానికి ఊరి పేరు గుంజుకోవలసిన అవసరం కూడా లేదు.

మా ఇంట్లో మాత్రం ఈ కథ గొడవ తెచ్చింది. ఫుప్పు, "చాదర్ కప్పి ఫాతిహా చదవకుండా ఎట్లా వస్తాం?" అంది. మా చిన్న చాచా జమాత్‌లో తిరిగే మనిషి. "మన్నత్‌లు, చాదర్‌లు షిర్క్. అమ్మీజాన్ ఆఖరి దినాల్లో ఆమెతో ఆ గునాహ్ చేయించొద్దు" అన్నాడు. చాలా ఇళ్ళలో ఉన్న బహసే ఇది, కొత్తది కాదు. రెండు దినాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. టికెట్ల డబ్బు కూడా ఆగిపోయింది. దాన్ని ఎట్లా తెంపామో తర్వాత చెబుతాను.

1933కు ముందు అక్కడ లోపలికి ఓడ పోయే రేవే లేదని చాలామందికి తెలియదు. మేఘాద్రిగెడ్డ నీళ్ళు సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసేది. పెద్ద జహాజ్‌లు దూరంగా లంగరు వేసి నిలబడేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవల మీద దించేవాళ్ళు. ఆ పడవకు ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరి తాటితో కుట్టేవాళ్ళు. అల కొడితే మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగుతుంది. తర్వాత, మధ్యభారతం మాంగనీసు సముద్రం చేరడానికి దగ్గర దారి కావాలని హార్బర్ తవ్వారు. అల తాకిడికి అడ్డంగా రెండు పాత జహాజ్‌లను రాళ్ళతో నింపి డాల్ఫిన్స్ నోస్ దగ్గర ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ లాంఛనంగా హార్బర్ తెరిచాడు. దర్గా కొండ కిందనే ఆ ఓడల దారి.

ఈ నీళ్ళు జంగ్‌లూ చూశాయి. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మూడు యుద్ధనౌకలతో వచ్చి ఇక్కడ లంగరేసి ఉన్న ఇంగ్లీషు నౌక సెంచూరియన్ మీద పడ్డాడు. తమాషా ఏమిటంటే ఆ నౌక కెప్టెను జేమ్స్ లిండ్ ఆ వేళకు ఒడ్డు మీద ఉన్నాడు. ఫిరంగులు పేలుతుండగా పడవలో వచ్చి ఎక్కాడు. సెంచూరియన్ దెబ్బలు తిని కూడా లొంగలేదు. వెంట ఉన్న బర్నబీ అనే వ్యాపార నౌక ఒడ్డుకు కొట్టుకొని ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూట కట్టుకొని లోపలి పల్లెలకు పారిపోయింది.

1971 డిసెంబరు 3, 4 తారీఖుల మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ ఒడ్డుకు కొంత దూరంలో మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్ళు, లోపలే పేలిందని వాళ్ళు. అందులో 90 మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు. బీచి మీద విజయస్తూపం ఉంది, చూడండి, పిల్లలకు చూపండి. దుష్మన్ నౌక అది, మన జహాజ్‌లను వెతుక్కుంటూ వచ్చింది. అయినా నీళ్ళ అడుగున ఉన్నది ఎవరో తల్లుల బిడ్డలే అని నాకు అనిపించింది. దాదీమాకు చెబితే ఆమె ఒకటే అంది: "కబ్రు కూడా లేదు పాపం."

ఇక ఇంతిజామ్ సంగతి. మాలాగా మెట్ట మీద నుంచి వచ్చేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. అక్టోబరు, నవంబరు తూఫాన్‌ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట బంద్. తర్వాత నైరుతి గాలి, అల పెద్దది. జనవరి, ఫిబ్రవరి మంచివి. పొద్దున ఫజర్ అయిన వెంటనే బయల్దేరాలి. రాత్రంతా చల్లబడిన నేల మీది నుంచి సముద్రం వైపు గాలి మెల్లగా వీస్తుంది, నీళ్ళు నిదానంగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ గాలి తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు వస్తుంది. ముసలివాళ్ళకు కడుపులో తిప్పేది అప్పుడే. జుహర్ లోపల ఒడ్డుకు చేరితే మేలు.

లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు, బురఖా మీద ఎట్లా వేసుకోవాలని మొహమాట పడొద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి దాదాపు యాభై మంది పోయారు. మన జిల్లాలో బావుల్లో పోయే పిల్లల సంగతి వేరే చెప్పాలా? ఈత రానివాళ్ళమని మల్లాహ్‌కు ముందే చెప్పండి, సిగ్గు లేదు. నేవీ ఉన్న చోట ఫోటోలు తీయొద్దు. ఓడలు పోయే దారిలోకి తీసుకపొమ్మని మల్లాహ్‌ను జిద్ చేయొద్దు. పొద్దున పూట పడవ ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి బయల్దేరి, డాల్ఫిన్స్ నోస్‌ను దూరం నుంచి చూసి, ఉత్తరానికి తిరిగి కైలాసగిరి దాకా పోయి వస్తే చాలు. ఆ కొండ కిందనే 2020 అక్టోబరులో గాలికి కొట్టుకొచ్చి రాళ్ళెక్కిన బంగ్లాదేశ్ ఓడ ఉంది. ఎంత ఇనుమైనా గాలి ముందు అంతేనని మల్లాహ్‌లు దాన్ని చూపించి చెబుతారట.

ఇక ఆ గొడవ. తెంపింది దాదీమానే. "నా మోకాళ్ళు కొండ ఎక్కుతాయా? మీరిద్దరూ దేనికి కొట్లాడుతున్నారు?" అంది. నేను జెండాల సంగతి చెప్పాను, నీళ్ళ మీది నుంచే సలాం చేసేవాళ్ళని. చాచా కొంచెంసేపు ఆలోచించి, "కబ్రులో ఉన్నవాళ్ళకు సలాం చెప్పడం సున్నతే. దువా అల్లాహ్‌ను అడుగుదాం" అన్నాడు. ఫుప్పు పూర్తిగా ఒప్పుకోలేదు. చాదర్ మడత తన సంచిలో పెట్టుకుందని నాకు తెలుసు. చాచాకూ తెలుసు, అడగలేదు.

సంక్రాంతి రష్ తగ్గాక, జనవరి ఆఖరి వారానికి టికెట్లు అయ్యాయి, అల్‌హందులిల్లాహ్. పన్నెండు మందిమి. దాదీమా ఇప్పటి నుంచే ఒక ఖాళీ సీసా కడిగి ఎండబెట్టి పెట్టుకుంది. సమందర్ నీళ్ళు పట్టుకొస్తుందట. ఉప్పు నీళ్ళు దేనికి దాదీమా అంటే, "వీధిలో ఎవరూ నమ్మరు బేటా, నాలుక మీద వేసి చూపిస్తా" అంటోంది.