సర్దుకుపోవడం అనే మాట చుట్టూ

2019లో పరిశోధన పనిమీద ఆరు నెలలు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఉన్నాను. నా గదిలో ఉన్నమ్మాయి చైనాలోని హెనాన్ నుంచి వచ్చింది. చేరిన నెలకి ఇద్దరికీ ఒక కాగితం ఇచ్చారు. కొత్త సంస్కృతికి ఎంతవరకు సర్దుకున్నారో ఒకటి నుంచి అయిదు లోపు గుర్తు పెట్టాలి. సర్దుకుపోవడం! పెళ్లయిన వారానికి మా అమ్మమ్మ మా అమ్మకి చెప్పిన మాట. మా అమ్మ మా అక్కకి చెప్పిన మాట. ఆ కాగితం మీద ఈ మాట శాస్త్రం వేషంలో కనిపించేసరికి, అసలు ఇది ఎక్కడినుంచి వచ్చిందా అని వెతకడం మొదలుపెట్టాను.

'కల్చర్ షాక్' అన్న మాటకి ప్రచారం తెచ్చినవాడు మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్. 1954లో రియో డి జనీరోలోని మహిళా క్లబ్బులో ఉపన్యాసమిస్తూ ఆయన దాన్నొక జబ్బులా వర్ణించాడు. మొదట మోజు, తర్వాత సంక్షోభం, ఆపైన కోలుకోవడం, చివరికి సర్దుబాటు. ఇల్లు అంటే సుఖంగా ఉన్న చోటు, పరాయి దేశం అంటే కష్టం మొదలయ్యే చోటు అన్న నమ్మకం ఈ మెట్ల కింద ఉంది. ఆడవాళ్ల విషయంలో ఆ నమ్మకం నిలుస్తుందా?

పరాయిదేశంలో చైనా విద్యార్థి అనగానే మనకి గుర్తొచ్చేది లూ షున్. జపాన్‌లో వైద్యం చదువుతూ, తరగతిలో చూపించిన ఒక బొమ్మ వల్ల మనసు మారి సాహిత్యంలోకి వచ్చిన కథ మనం పాఠంలా చెప్పుకుంటాం. ఆయన సొంత ఊరు షావోసింగ్‌కే చెందిన కుటుంబం నుంచి 1904లో ఒక స్త్రీ కూడా జపాన్ వెళ్లింది. పేరు చియు జిన్. పెద్దలు కుదిర్చిన పెళ్లి, ఇద్దరు పిల్లలు, కట్టేసిన పాదాలు. నగలు అమ్మి ప్రయాణపు డబ్బు కూడబెట్టుకుంది. పాదాల కట్లు విప్పేసింది. ఎముకలు వంగేలా పాదాన్ని చిన్న చెప్పులో ఇమడ్చడం కంటే పెద్ద సర్దుబాటు ఏముంటుంది? అది ఆమెకి పుట్టింట్లోనే జరిగింది. షాక్ ఇంట్లో తగిలింది, ఊపిరి టోక్యోలో ఆడింది. పిల్లల్ని వదిలి వచ్చిన బాధని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. స్వేచ్ఛ ఆమెకి ఉచితంగా దొరకలేదు.

అయితే ఆతిథ్యమిచ్చిన దేశం మాత్రం ఏం నేర్పింది? ఆమె చేరిన బాలికల పాఠశాలని నడిపిన షిమోదా ఉతాకో ఆదర్శం 'మంచి భార్య, వివేకం గల తల్లి'. 1905 నవంబరులో జపాన్ విద్యాశాఖ చైనా విద్యార్థుల చదువు మీద, బస మీద నిఘా పెంచే నిబంధనలు తెచ్చింది. విద్యార్థులు సమ్మె చేశారు. డిసెంబరు 8న చెన్ తియన్‌హ్వా సముద్రంలో పడి ప్రాణం తీసుకున్నాడు. చియు జిన్ తిరిగొచ్చేసింది. 1907 జనవరిలో షాంఘైలో స్త్రీల పత్రిక మొదలుపెట్టింది. అదే ఏడు జులై 15న, తిరుగుబాటు నేరం కింద, షావోసింగ్‌లో ఆమె తల నరికారు.

అందరూ ఆమెలా వెళ్లలేదు. 1914లో షింఘ్వా కళాశాల మొదటిసారి పదిమంది అమ్మాయిల్ని ప్రభుత్వ ఉపకార వేతనంతో అమెరికా పంపింది. బాక్సర్ తిరుగుబాటుకి జరిమానాగా చైనా నుంచి వసూలు చేసిన సొమ్ములో అమెరికా తిరిగిచ్చిన భాగమే ఆ డబ్బు. ఆ పదిమందిలో చెన్ హెంగ్‌జ ఒకరు. వాసర్ కాలేజీలో చరిత్ర చదివి, 1920లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో తొలి మహిళా ప్రొఫెసర్ అయింది. అమెరికాలోని చైనా విద్యార్థుల పత్రికలో 1917లో ఆమె 'ఒక రోజు' అనే కథ రాసింది. వ్యావహారిక చైనా భాషలో వచ్చిన ఈ కథ లూ షున్ 'పిచ్చివాడి డైరీ' కంటే ఒక ఏడాది ముందుది. ఆధునిక కథకి మొదలు ఏదన్న చర్చలో మాత్రం చాలాకాలం దానికి చోటు దక్కలేదు. అందులో ఉన్నదల్లా అమ్మాయిల హాస్టల్లో ఒక రోజు: తెల్లారి హడావుడి, తరగతులు, కబుర్లు, చైనా అమ్మాయి చుట్టూ చేరి ఆమె దేశం గురించి అడిగే ప్రశ్నలు. దేశోద్ధరణ లేదు. బహుశా అందుకే దాన్ని చరిత్ర పెద్దగా పట్టించుకోలేదేమో. నాకు మాత్రం ఆ ప్రశ్నల దగ్గర గుండె కలుక్కుమంది. ఒక మనిషి మొత్తం దేశానికి జవాబుదారీ కావడంలో ఉన్న అలసట ఎలాంటిదో ఆ ఆరు నెలల్లో నాకూ తెలిసింది.

నేను తిరిగొచ్చాక కరోనా వచ్చింది. అమెరికాలో ఆసియా ముఖాల మీద ద్వేషం పెరిగింది. 2020 మే 29న అక్కడి అధ్యక్షుడు చైనా సైన్యంతో సంబంధమున్న సంస్థలు అన్న పేరుతో కొందరు చైనా పరిశోధక విద్యార్థుల వీసాలు ఆపుతూ ఉత్తర్వు ఇచ్చాడు. నాకు 1905 నవంబరు గుర్తొచ్చింది. మా గది అమ్మాయి నెల రోజులు సరుకులకి తప్ప బయటికి వెళ్లలేదు. ఇంటికి ఫోన్ చేసి 'బాగా తింటున్నా' అని చెప్పేది. నేనూ అక్కడున్నన్నాళ్లూ మా అమ్మకి అదే చెప్పాను. అలాంటి రోజుల్లో ఆమె ఎంత 'సర్దుకుంది' అని అడగడంలో అర్థమేముంది? ఎవరు ఆమెని సర్దుకోనిచ్చారని కదా అడగాలి!

ఆ కాగితం మీద ఆమె అయిదు వేసింది. తక్కువ వేస్తే కౌన్సెలింగుకి పిలుస్తారట. "మీ ఊళ్లో ఇలాంటి కాగితం ఇస్తే ఎంత వేస్తావు?" అని అడిగాను. అక్కడ వాళ్లమ్మ ఆమె పెళ్లి సంబంధాల జాబితా రాస్తోంది.

"అక్కడ ఎవరూ అడగరు కదా" అంది.