ప్రభుత్వ కాలనీల భద్రత: దాడికి ముందే వాడాల్సిన చట్టం

ఇల్లు కట్టించడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్లు ఊరు విడిచి చీరాలకు చేరారు. అక్కడి విజయనగర్ కాలనీ అలా పుట్టిందే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) కేసులు పెట్టడానికే కాదు, దాడులను ఆపడానికీ ఉంది. 1995 నిబంధనల్లో 3వది ఏం చెబుతోంది? దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వం ముందే గుర్తించాలి. అధికారులు అక్కడికి వెళ్లి పరిస్థితిని సమీక్షించాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధాల లైసెన్సులు రద్దు చేయాలి. 17వ నిబంధన ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. మనల్ని ఇల్లు విడిచిపోయేలా చేయడం కూడా ఈ చట్టం కింద నేరమే.

కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారుజామున తలుపులు కొట్టి కాగితాలడగడం రక్షణ కాదు, మనల్ని అనుమానించడం.

అందుకే కాలనీ సభ పెట్టుకుందాం. వెలగని వీధి దీపాలు, ఆడవాళ్లు భయపడే దారులు, వచ్చిన బెదిరింపులు తేదీలతో సహా రాద్దాం. కలెక్టర్‌కు, ఎస్పీకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకుందాం. కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో, ఏం తీర్మానించిందో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. రేపు దాడి జరిగితే, ‘మాకు తెలియదు’ అనే వీలు అధికారులకు ఉండకూడదు.