ఇల్లు విడిచారు గానీ...

మొన్న మా ఇంటికి పెంచిన ఇంటిపన్ను నోటీసు వచ్చింది. "కట్టక చస్తామా? సర్కారుతో మనకెందుకు గొడవ?" అంటూ మావారు కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు. ఎందుకు పెంచారని అడగడం కూడా గొడవేనా? అప్పుడు నాకు చీరాల గుర్తొచ్చింది.

చీరాల అంటే మనకు చీరలే కదూ! కానీ ఆ ఊరికి ఇంకో కథ ఉంది. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు. రెండింటికీ కలిపి పదిహేను వేల జనాభా. చాలామంది నేతపని వాళ్లు, రైతులు, చిన్న వర్తకులు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండింటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతవరకూ ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను కాస్తా 40,000 అయి కూర్చుంది! పదింతలు!

జనం అర్జీలు పెట్టుకున్నారు. విన్నవాళ్లు లేరు. సరే, పన్ను కట్టం అన్నారు. కట్టనివాళ్లలో కొందర్ని జైల్లో పెట్టారు. వాళ్లలో రావూరి అలమేలమ్మగారనే ఇల్లాలు కూడా ఉన్నారు.

ఉద్యమానికి నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. శాంతంగా ఉంటూ పన్ను కట్టకపోవడం ఒక దారి, ఊరే ఖాళీ చేసి పోవడం ఇంకో దారి అన్నారు. మునిసిపాలిటీ హద్దు దాటితే పన్ను అడిగేదెవరు? జనం ఆ రెండో దారే పట్టారు. పదమూడు వేల మందికి పైగా ఇళ్లు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

రెండ్రోజులు పెళ్లికెళ్లాలంటేనే మూటలు సర్దలేక మనం సతమతమైపోతాం. వాళ్లు నడివేసవిలో చంటిపిల్లలతో, ముసలివాళ్లతో, వంటసామానుతో కదిలారు. ఎండలూ వానలూ ఆ పాకల్లోనే, పదకొండు నెలలు!

ఈలోగా గోపాలకృష్ణయ్యగారిని అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. నాయకుడు జైల్లో, చేతిలో పైసా లేదు. చివరికి జనం ఇళ్లకు మళ్లారు.

మరి ఓడిపోయినట్టేగా అంటారేమో. నాకలా అనిపించదు. పన్నుకైనా ప్రజల ఒప్పుదల కావాలన్న మాట ఖాళీ ఇళ్ల సాక్షిగా చెప్పారు వాళ్లు. అడిగేవాళ్లుంటేనే పెంచేవాడు ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుంటాడు. అడగనింట్లో పచారీకొట్టు పద్దు కూడా పెరుగుతూనే ఉంటుంది, మనకు తెలియందా?

ఈరోజు మనం పాకలు వేసుకోనక్కర్లేదు. పన్ను మదింపు మీద అభ్యంతరం చెప్పుకునే వీలు చట్టంలోనే ఉంది. ఓ తెల్లకాగితం, కాస్త ఓపిక చాలు.

ఆ కాగితం నేనే రాశాను. "సంతకం నేను పెట్టనా?" అన్నారు మావారు, కళ్లజోడు వెతుక్కుంటూ.