వృత్తి తెచ్చు ఉబ్బసము: లెక్క తేలిన విధము

1700వ సంవత్సరమున ఇటలీలోని మోడెనా నగరమున రామజ్జీని అను వైద్యుడు పనివారల వ్యాధులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. పిండి మరలలోను, ధాన్యము జల్లించుచోట్లను పనిచేయువారికి దుమ్ము వలన దగ్గు, ఆయాసము కలుగుటను ఆయన వర్ణించెను. వైద్యుడు రోగిని అతని వృత్తి యేమో కూడ అడుగవలెనని బోధించెను.

అటుపిమ్మట క్రొత్త పరిశ్రమలతోపాటు క్రొత్త కారణములును బయటపడెను. 1951లో ఫ్రాన్సు దేశమున ఐసోసయనేటు అను రసాయనము వలనను, 1969లో బ్రిటనులో బట్టలుదుకు పొడులలోని ఎంజైముల వలనను ఉబ్బసము కలుగుచున్నట్లు వైద్యులు ప్రకటించిరి. ఇట్టి పదార్థములను కొన్ని నెలలో, ఏండ్లో పీల్చిన పిమ్మట కొందరి శరీరము వానికి అలవాటుపడుటకు మారుగా ఎదురుతిరుగును. అప్పుడు అతి స్వల్పమైన మోతాదైనను శ్వాసనాళములను బిగించును. సెలవు దినములలో ఆయాసము తగ్గుట దీనికొక గుర్తు.

అయితే మొత్తము జనాభాలో ఈ వ్యాధి ఎందరికి కలదు? కర్మాగారములో లెక్కించినచో సరియైన సంఖ్య రాదు. ఏలయన, ఆయాసము కలిగినవాడు పని మానుకొని వెడలిపోవును, ఆరోగ్యవంతులే మిగులుదురు. బ్రిటనులో 1989 నుండి వైద్యులు తాము చూచిన రోగులను నమోదు చేయసాగిరి. కాని నిపుణుని దరిజేరని రోగి ఆ పట్టికలోనికి ఎక్కడు.

కావున పరిశోధకులు కర్మాగారమును విడిచి ఊరిలోనికి వచ్చిరి. శ్వాసరోగము లేని 6,837 మందిని 13 దేశములలో కొన్ని సంవత్సరములు గమనించిరి. 2007లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము వయోజనులలో క్రొత్తగా కలుగు ఉబ్బసములో 10 నుండి 25 శాతము వృత్తి వలన కలిగినదే. అనగా పది లక్షల జనులలో ఏటేట 250 నుండి 300 మంది. 2019లో అమెరికా, ఐరోపా శ్వాసవైద్య సంఘములు అనేక పరిశోధనలను సమీక్షించి, ఈ పాలు సుమారు 16 శాతమని నిర్ణయించినవి.

ఈ సంఖ్యను విద్యార్థులు సరిగా గ్రహింపవలెను. నూరుగురు పనివారలలో 16 మందికి ఉబ్బసము వచ్చునని దీని అర్థము కాదు. ఉబ్బసము గల నూరుగురు వయోజనులలో సుమారు 16 మంది వ్యాధికి వృత్తి కారణమని అర్థము. పని స్థలమున గాలిని శుభ్రపరచినచో ఈ భాగమును నివారింపవచ్చును. రామజ్జీని నేర్పిన ప్రశ్నను వైద్యుడు మరచినచో, రోగి మందు మ్రింగుచు మరల ఆ దుమ్ములోనికే పోవును.