రాతిమీద ఉంది, పెట్టెలో లేదు

ఓ ఇరవయ్యేళ్ళ కిందట, ఇంట్లోకి కొత్తగా వచ్చిన కంప్యూటరు ముందు తెలుగు రాద్దామని ముచ్చటపడి కూచున్న ఇల్లాలికి చాలాసార్లు అక్షరాలకు బదులు వరసగా ఖాళీ పెట్టెలు కనబడేవి. వెంటనే వెనకనుంచి ఎవరో ఒకరు "నువ్వేం నొక్కినావో ఏమో!" అనడం. నొక్కింది ఆవిడే గానీ తప్పు మాత్రం ఆవిడది కాదు.

ఆ తప్పు ఎక్కడుందో చెప్పుకోవడానికి మా కడప జిల్లా తగిన చోటే. ఇంతవరకూ దొరికిన పూర్తి తెలుగు శాసనాల్లో పాతది మా పొద్దుటూరుకు దగ్గర్లో, ఎర్రగుంట్ల మండలం కలమళ్ళ చెన్నకేశవాలయం ఆవరణలో బయటపడింది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరున్న శాసనమది. కాలం సుమారు క్రీ.శ. 575. రేనాడంటే ఎక్కడో కాదు, పొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలే.

ఆ రాయి చెక్కినవాడికి ఉలి, సుత్తి, ఓపిక ఉంటే చాలు. ఒత్తు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకున్నాడు. సీసపు అచ్చులు వచ్చాక కంపోజిటరు వందల గదుల కేసు ముందు నిలబడి, గుణింతానికొకటి, ఒత్తుకొకటి ఏరుకున్నాడు. కష్టమే, కానీ కుదిరింది. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి చిక్కు పడింది. అది పుట్టింది ఇంగ్లీషు ఇంట్లో. ఒక మీట నొక్కితే ఒక అక్షరం, పక్కన ఇంకొకటి, అంతే దానికి తెలిసింది. మన "స్త్రీ"ని చూడండి. కంటికి ఒక్క ముద్ద. యూనికోడ్ లెక్కలో మాత్రం ఆరు సంకేతాలు: స, త, ర, వాటి మధ్య రెండు పొల్లులు, చివర ఒక దీర్ఘం. ఆ ఆరింటినీ కలిపి ముద్ద చేసే పనిమనిషి యంత్రం లోపల లేకపోతే స్త్రీ ముక్కలు ముక్కలైపోతుంది! (అక్షరం సంగతే చెబుతున్నాను.)

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గదులిచ్చారు. మైక్రోసాఫ్ట్‌వారి విండోస్‌లోకి మాత్రం తెలుగు 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి అనే ఫాంటుతో వచ్చింది. వచ్చీ గుమ్మం బయటే నిలబడింది. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్ళి, "సంక్లిష్ట లిపులు" అన్న గడిలో టిక్కు పెట్టి, అసలు సీడీ వేసి, మళ్ళీ మొదలుపెడితే గానీ లోపలికి రాదు. ఆ సీడీ ఏ బీరువా అడుగున ఉందో ఎవరికి తెలుసు? 2007లో విస్టా వచ్చాక ఈ పీడ వదిలింది.

ఇంటి వైద్యంలాగా చెప్పాలంటే, పెట్టెలు కనబడితే ఫాంటులో ఆ అక్షరం లేదని అర్థం. ఒత్తులు విడిపోతే ముద్ద చేసే పనిమనిషి లేనట్టు. పత్రికల పేజీలు పేర్చే ఇన్‌డిజైన్‌కు కూడా 2012 దాకా ఆ పనిమనిషి లేదు. ఇప్పటికీ అందులో "వరల్డ్ రెడీ కంపోజర్" అన్నది ఎంచుకోకపోతే ఒత్తులు చెదురుతాయి. ఇక ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగాపులగంగా కనబడితే అది అను ఫాంట్ల తరహా పాత పద్ధతి. అక్కడ లోపల దాచేది ఇంగ్లీషు సంకేతాలనే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. వేషం తీస్తే తెలుగు లేదు.

నన్ను భయపెట్టేది ఈ మూడోదే. డి.టి.పి. సెంటర్ల చేతిలో ఉన్న పేజ్‌మేకర్‌కు 2001తో ఆఖరి కూర్పు వచ్చేసింది, దానికి యూనికోడ్ రాదు. ఒక తరం రచయిత్రుల కథలూ నవలలూ ఆ వేషంలోనే ఉండిపోయాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, కాకపోతే మార్చాక ప్రూఫు దిద్దుకోక తప్పదు. పాత ఫాంటు పనిచేస్తున్నప్పుడే ఆ పని చేసుకోండమ్మా, ఒక కాగితం ప్రతి కూడా తీసిపెట్టుకోండి.

రేనాటి వాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. చోళుల శాసనాల్లో "ఴ" అనే అక్షరం ఉండేది. తమిళంలో ఆ ధ్వని ఇప్పటికీ ఉంది. మనం ఏడు, కోడి అంటున్నచోట వాళ్ళు పలికేది దాన్నే. మన రాతలోంచి నన్నయగారి కాలానికే జారిపోయింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు సంబరపడ్డాం గానీ, అంత ప్రాచీనమైన ఆ అక్షరాన్ని కంప్యూటరులో కొట్టే దారి అప్పటికి లేదు. యూనికోడ్‌లో దానికి గది దొరికింది 2014లో. గది ఉన్నా ఫాంటు చేసేవాళ్ళు బొమ్మ గీసి పెట్టాలి కదా! ఎవరి పేరైతే రాతిమీద ఉందో, ఆ "చోఴ"ల పేరు ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. చివర అక్షరం కనబడితే సరే. పెట్టె కనబడితే మాత్రం, అమ్మా, మీరేం నొక్కలేదు.